కొప్పులో పుల్ల

సూర్యాపేట మోటర్ బస్సు డ్రైవరు మిర్యాలగూడలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, గొంతు సవరించుకొని, "మోటర్ అడ్డకాడి పెద్దమ్మ సచ్చిపోయింది" అన్నాడు. నేను ఆఁ అన్నాను. అతను మళ్లీ అదే మాట అదే గొంతుతో అన్నాడు. మూడోసారి కూడా అని, అప్పుడు మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అతనికేం మతి పోలేదు. ఏ కబురైనా తన ముందు మూడుసార్లు అప్పజెప్పాకే పెద్దమ్మ మోటర్‌ను కదలనిచ్చేది. ఈసారి అప్పజెప్పించుకునే మనిషి లేదు కాబట్టి ఆ మూడూ నా ముందే అన్నాడు.

నీళ్ల కోసం లోపలికి వెళ్లి, బిందె మీది మూత తీసి, దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. పాపం ఆ డ్రైవరు నీళ్లకోసం చాలాసేపు ఆగాడు.

ఆమె పేరు నాకు తెలియదు. రెండేళ్లు పక్కపక్క గుమ్మాల్లో ఉన్నాం, నా కూతురు పుట్టినప్పుడు నా తల ఆమె ఒళ్లోనే ఉంది, అయినా పేరు అడగాలని తోచలేదు. సూర్యాపేటలో ఇంకెవరికీ తోచినట్టు లేదు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన హార్మోనియం మాస్టారు కూడా పెద్దమ్మా అనే పిలిచేవాడు. ఆమె ఏమీ అనుకోకుండా పలికేది.

మా ఆయన తాసీలు కచేరిలో ఉర్దూ కాగితాలు రాసే ముంషీ. సొంతూరు తుంగతుర్తి దగ్గర. నేను కోదాడ పిల్లను. పెళ్లయ్యాక కాపురం పెట్టడానికి ఆయన సూర్యాపేటలో ఇల్లు వెతికాడు. ఊరి చివర తోటల పక్కన ఒకటి దొరికింది. గాలి, వెలుతురు, సొంత బావి. అది ఖాయం చేసుకొని వస్తూ, ఎండకు తాళలేక, మోటర్లు ఆగే చోట ఒక అరుగు మీద కూర్చున్నాడట. ఆ అరుగు పెద్దమ్మది. ఆమె మోదుగాకులతో విస్తర్లు కుడుతూ, ఎక్కడ దిగుతున్నావని అడిగింది. చెప్పాడు.

"గాడనా? గంత దూరం ఎట్ల ఉంటవ్ బిడ్డా?"

"దూరమేమున్నది పెద్దమ్మా. ఊర్లనే గద."

"మోటరొచ్చిన సప్పుడు ఇనపడది గాడ" అందట, ఆ ఇంట్లో దయ్యం ఉందన్నంత గంభీరంగా. "నా పక్క గది ఖాళీ ఉన్నది. మోటర్ గీడనే. కచేరి గీడనే. దవాఖాన గీడనే. గుడి గీడనే, మసీదు గీడనే. నాటకమాడ్తె పందిరి గీడనే ఏస్తరు. నువ్వు ఏడికీ పోవుడే లేదు. అన్ని నీ కాడికే వస్తయ్."

మా ఆయన గాలి, వెలుతురు, సొంత బావి వదిలేసి ఆ గది తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నావని రెండేళ్లు అడిగాను.

నిజమే, అన్నీ మా దగ్గరికే వచ్చాయి. గది ఒకటిన్నర మంచం వెడల్పు. ఒక వైపు పెద్దమ్మ గది దాటితే హార్మోనియం మాస్టారు, ఇంకో గోడ అవతల దర్జీ. మాస్టారు నాటకాల వాళ్లకు పద్యాలు నేర్పేవాడు. దర్జీ అదే నాటకాలకు అంగీలు కుట్టేవాడు. ఒకవైపు రాజుగారి పద్యం, ఇంకోవైపు రాజుగారి అంగీ తయారవుతుంటే మధ్యలో నేను పప్పు వండేదాన్ని. రాజుకు శ్రుతి కుదరని రోజు పప్పు మాడేది. ఎదురు హోటల్లో ఒకాయన ఉర్దూ పేపరు బిగ్గరగా చదివేవాడు, పక్కనే ఇంకొకాయన దాన్ని అంతకంటే బిగ్గరగా తెలుగులో చెప్పేవాడు. శనివారం గుడిలో భజన, శుక్రవారం మసీదు ముందు జనం, పండగ రోజుల్లో చిందు భాగవతం వాళ్ల ఆట. వీటన్నిటి మీదా మోటర్ హారన్లు. మొదటి మూడు నెలలు తలనొప్పితో మంచం దిగలేదు. ఆరో నెలలో కోదాడ వెళితే, మా పుట్టింట్లో ఏ చప్పుడూ లేక నిద్ర పట్టలేదు. నాలుగు రోజులకే వచ్చేశాను. అమ్మ చిన్నబుచ్చుకుంది.

పెద్దమ్మ దగ్గర గడియారం లేదు. కాలాన్ని విస్తర్లతో కొలిచేది. పట్నం మోటర్ ఎప్పుడొస్తుందని అడిగితే, "ఇంక నాలుగు ఇస్తార్లు" అనేది. నాలుగో విస్తరి కుట్టి పక్కన పడేసేలోపు హారన్ వినిపించేది. దూరానికీ అదే కొలత. దవాఖాన అర విస్తరి. సంత రెండు విస్తర్లు. ఊరి చివర మేం వదిలేసుకున్న ఇల్లు ఐదు విస్తర్లు, అంటే ఆమె లెక్కలో పరాయి దేశం. కోదాడ, మిర్యాలగూడ మాత్రం గీడనే. మోటర్ పోతుంది కాబట్టి. ఇన్ని మోటర్ల వేళలు నోటికి వచ్చిన ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి మోటర్ ఎక్కలేదు. ఎందుకెక్కలేదని ఒకసారి అడిగాను.

"ఏడికి పోవాలె?" అని నన్నే అడిగింది.

విస్తర్లు ఆమె చేతులకు పని. నోటికి పని వేరే ఉంది. ఉత్తరాలు రాయగలిగిన వాళ్లకు టపా ఉంది, రాయలేని వాళ్లకు పెద్దమ్మ ఉంది. ఎవరైనా వచ్చి అరుగు ముందు నిలబడి, ఫలానా ఊళ్లో ఫలానా వాళ్లకు ఈ కబురు అందాలి అనేవాళ్లు. ఆమె చేతిలో ఆకు కింద పెట్టి కళ్లు మూసుకుని వినేది. విన్నాక విస్తరి కుట్టే పుల్ల ఒకటి తీసి కొప్పులో గుచ్చుకునేది. ఆ ఊరు వెళ్లే మోటర్ రాగానే డ్రైవరును పిలిచి కబురు చెప్పి, మూడుసార్లు అప్పజెప్పించుకుని, పుల్ల తీసి పారేసేది. అటునుంచి వచ్చిన కబురైనా అంతే. ఆ మనిషికి చెప్పేదాకా పుల్ల కొప్పులోనే ఉండేది. సంత రోజుల్లో ఆమె తల చూడటానికి భయంగా ఉండేది.

కబురంటే మాట ఒక్కటే కాదు. గొంతు కూడా. చెప్పినవాడు నసిగితే నసిగినట్టు, గదమాయిస్తే గదమాయించినట్టు చెప్పేది. వేములపల్లి రైతు ఒకాయన దగ్గుతూ దగ్గుతూ, ఎడ్లను అమ్మొద్దు నేనొస్తున్నా అని చెప్పిపోయాడు. డ్రైవరు ఆ కబురు మూడుసార్లు అప్పజెప్పి మోటర్ ఎక్కబోతుంటే, "దగ్గు మర్సినవ్, ఇటు రా" అని వెనక్కి పిలిచింది. అప్పటి మోటర్లు కొన్ని ఇంకా బొగ్గుతో నడిచేవి. వెనకాల పొయ్యి రాజుకుని బండి కదలడానికి ఎలాగూ ఆలస్యమయ్యేది కాబట్టి డ్రైవర్లకు దగ్గు నేర్చుకోక తప్పేది కాదు.

మాట మార్చడం మాత్రం ఆమె దగ్గర కుదరదు. ఒకామె అన్న మీద కోపంతో "ఇగ నీ గడప తొక్క" అని కబురు చెప్పి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చింది.

"పెద్దమ్మా, జర మెత్తగ చెప్పు."

"మెత్తగ చెప్పేదుంటె నువ్వే చెప్పు. మల్ల ఇంట" అంది పెద్దమ్మ. "నేను మారిస్తె గది నీ మాట కాదు, నా మాటైతది. నా మాట మీ అన్నకెందుకు?"

ఆమె కాసేపు ఆలోచించి, "గట్లనే ఉండని తియ్" అని వెళ్లిపోయింది. కబురు గట్లనే వెళ్లింది.

నాకు ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా నాన్న కోదాడలో వీధిబడి పంతులు. బెజవాడ నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివే మనిషి. ఒక్క అక్షరం తప్పు పోయినా ఆయనకు అన్నం సయించదు. మా ఆయన చదివింది ఉర్దూ. తెలుగులో ఉత్తరం రాస్తే మా నాన్న దాన్ని దిద్ది తిప్పి పంపిస్తాడని ఆయన భయం. అందుకని కచేరికి పోతూ పోతూ అరుగు దగ్గర ఆగి పెద్దమ్మకు చెప్పాడు.

"ఏడో నెల పడ్డది, పిల్లను తోల్కపొమ్మను."

పెద్దమ్మ పుల్ల గుచ్చుకుంది. కోదాడ డ్రైవరు మూడుసార్లు అప్పజెప్పాడు. నేను కిటికీలోంచి వింటూనే ఉన్నాను. ఆ మాట దగ్గర నేను ఉలిక్కిపడి ఉండాల్సింది. పడలేదు. నా చెవి అప్పటికే ఈ ఊరిదైపోయింది. అందులో నా తప్పు కూడా ఉంది.

ఈ వైపు మనుషుల్ని తోల్కపోతారు, తోల్కొస్తారు. అందులో తప్పు లేదు, ప్రేమే ఉంది. కోదాడ చేరేసరికి ఆ మాట పశువుల మీదికి మళ్లుతుంది. మా నాన్న లెక్కలో పశువుల్ని తోలతారు, మనుషుల్ని తీసుకువెళతారు. డ్రైవరు నేరుగా బడికి వెళ్లి, పాఠం వింటున్న పిల్లలందరి ముందు, మా ఆయన గొంతుతో ఆ కబురు చెప్పాడు. ఒక్కసారే చెప్పాడట. పిల్లలు నవ్వడానికి ఒక్కసారి చాలింది.

మరుసటి మోటర్లోనే నాన్న దిగాడు. కచేరి నుంచి భోజనానికి వచ్చిన మా ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

"మా అమ్మాయి మీకు గేదెలాగా కనిపించిందా అల్లుడుగారూ?"

"ఏమాయె మామా? నేనేమన్న?"

"తోలుకుపొమ్మన్నారట."

"అవ్. గట్లనే చెప్పిన. తోల్కపోరా మరి?"

"పశువుల్ని తోలతారండీ."

"మా అవ్వ నన్ను బడికి తోల్కపోయింది. జాతరకు తోల్కపోయింది. పెండ్లినాడు మీ ఇంటికి మావోళ్లే నన్ను తోల్కొచ్చిండ్రు. నేను పశువునా?"

"మీ సంగతి నాకు తెలియదు. మా అమ్మాయి కాదు."

దర్జీ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో వ్యవహారం చెడింది. మా నాన్న బడిలో కూడా గొంతు పెంచని మనిషి. అంతమంది పిల్లలకు ఆయన గుసగుసగా చెప్పే ఎక్కాలు వెనక వరసకు వినపడేవి కావు. అలాంటివాడు ఆ రోజు బజారు మధ్య నిలబడి కేకలు పెట్టాడు. హార్మోనియం ఆగిపోయింది, కుట్టు మిషన్ ఆగిపోయింది, హోటల్లో పేపరు చదివేవాళ్లిద్దరూ ఆగిపోయారు. ఆ బజారు నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి చూశాను. తర్వాత మాస్టారు, మీ నాయన గొంతు శ్రుతి మంచిదమ్మా, దుర్యోధనుడికి పనికొస్తుంది అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు.

నాన్న పెద్దమ్మ వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరైనా ఆ మాట కాస్త మార్చి చెప్పి పంపకూడదా?"

"మారిస్తె గది నీ అల్లుని మాట కాదు పంతులూ. నా మాటైతది."

"అయితే ఆయన్నే మార్చమనండి. తీసుకువెళ్లమని కబురు చేస్తే వస్తాను. అప్పటిదాకా ఈ గడప తొక్కను."

"నేను తప్పు మాటనలె. ఎందుకు మార్చాలె?" అన్నాడు మా ఆయన, ఇంకా తడి చేతులతోనే.

నాన్న వచ్చిన మోటర్లోనే తిరిగి ఎక్కాడు. నా వైపు చూడను కూడా లేదు. ఒక్క మాట గురించి ఇద్దరు చదువుకున్న మగవాళ్లు అంత పట్టు పట్టారు గాని, కడుపుతో ఉన్న మనిషి ఒకతి అక్కడ నిలబడి ఉందని ఇద్దరికీ గుర్తు లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

రెండు రోజులు చూసి నేనే మోటరెక్కి వెళ్లిపోదామనుకున్నాను. ఆ రెండు రోజుల్లోనే మోటర్లు తగ్గాయి. వారంలో ఆగిపోయాయి. ఆ నలభై ఎనిమిదో ఏడాది సంగతి ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తుపాకులు పట్టుకుని తిరిగే వాళ్లు, తలుపులు వేసుకుని కూర్చునే వాళ్లు, రెండే రకాల మనుషులు మిగిలారు. సంస్థానం సరిహద్దు మూసేశారు. కోదాడ జనం మూటలు కట్టుకుని జగ్గయ్యపేట వైపు దాటిపోయారని, అందులో మా అమ్మా నాన్నా ఉన్నారని ఎవరో చెప్పగా విన్నాను. అంతకుమించి ఏమీ తెలియలేదు.

హార్మోనియం మాస్టారు పెట్టెకు తాళం వేసి చుట్టాల ఊరు వెళ్లిపోయాడు. దర్జీ ఉన్నాడు గాని, రాజుల అంగీలు కుట్టించుకునేవాళ్లు లేరు. పెద్దమ్మ ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని విస్తర్లు కుట్టేది. కొనేవాళ్లు లేక అవి గోడ వారగా ఎత్తుకు ఎత్తు పేరుకున్నాయి. కోదాడ మోటర్ ఎప్పుడొస్తుందని రోజూ అడిగేదాన్ని. ఎన్ని విస్తర్లో చెప్పేది కాదు. "రాదు బిడ్డా" అనేది. కొప్పులో ఒక్క పుల్ల ఉండేది కాదు. బోసిగా, ఎవరో తెలియని ముసలమ్మలా కనిపించేది.

తొమ్మిదో నెలలో నాకు తిండి మీద మనసు పోయింది. మా అమ్మ తొలి కాన్పులో బిడ్డను పోగొట్టుకుని, తానూ చావు తప్పి బయటపడింది. ఆ కథ చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. చావు భయం లేదనను. అంతకంటే, నాన్న కోపంగా ఉండగానే పోతానేమో అన్న దిగులు పెద్దది. ఆయన మోటరెక్కి నా వైపు చూడకుండా ముఖం తిప్పుకోవడం పొద్దస్తమానం కళ్లముందే ఉండేది. మా ఆయన కంచం ముందు పెట్టి బతిమాలేవాడు. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె అరుగు దిగి ఇంకొకరి గుమ్మానికి వచ్చిందంటే కబురు ఉన్నట్టే. నేను లేచి కూర్చున్నాను. కళ్లు మూసుకుంది. తర్వాత మా నాన్న గొంతుతో, ఆ వీధి వీధంతా వినపడేలా కేక పెట్టింది.

"అమ్మాయ్, నాకు కోపమేం లేదు. ధైర్యంగ ఉండు. మంచిగ తిను. తొవ్వ తెరవంగనే నేనే వచ్చి నిన్ను తోల్కపోత."

దర్జీ ఎవరినో కొడుతున్నారనుకుని కత్తెరతో సహా పరుగెత్తుకొచ్చాడు. కోపం లేదన్న మాట అంత కోపంగా చెప్పడం నేనెక్కడా వినలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఎవరు తెచ్చారు పెద్దమ్మా?"

"ఎవలో. బండ్లమీద వచ్చినోళ్లు" అని వెళ్లి అరుగు మీద కూర్చుంది.

నేను పట్టుకున్నది ఆ చివరి మాటను. తోల్కపోత. పశువుల మాట అని అంత రభస చేసిన మనిషి, నా కోసం ఆ మాటే నోట పెట్టాడు. ఎవరి ముందూ తప్పొప్పుకోని మా నాన్న అంతకంటే ఏం ఒప్పుకోవాలి? సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన కంచం నా ముందుకు జరిపాడు. "మీ నాయిన మంచోడే" అన్నాడు. ఆ పూట నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

పది రోజులకు, పట్టపగలు, నొప్పులు వచ్చాయి. దవాఖాన గీడనే అని పెద్దమ్మ చెప్పిన మాట ఆ రోజు అక్కరకొచ్చింది. అక్కడి నర్సు అర విస్తరి దూరం నడిచి వచ్చింది. పెద్దమ్మ నా తల ఒళ్లో పెట్టుకుంది. ఇంకెంతసేపు పెద్దమ్మా అని ఏడిస్తే, "పన్నెండు ఇస్తార్లు, ఓర్సుకో" అంది. నా లెక్కకు ఇరవై పైనే పట్టింది. తర్వాత ఆ సంగతి ఎత్తితే, "నీ బిడ్డ మోటరా, చెప్పిన ఏలకు వస్తందుకు?" అంది.

పాపకు రెండు నెలలు నిండాక సైన్యం వచ్చింది, రోడ్డు తెరుచుకుంది. మోటర్లు ఇంకా మొదలుకాలేదు. ఒక ఉదయం కిటికీలోంచి చూస్తే మోటర్లు ఆగే చోట ఎడ్లబండి ఒకటి ఆగి ఉంది. ముల్లుకర్ర చేత్తో పట్టుకుని మా నాన్న దిగుతున్నాడు. మనిషి సగమైపోయాడు. జగ్గయ్యపేట నుంచి ఎడ్లను తానే తోలుకుంటూ వచ్చాడు. ఆ మాట సరైన చోటే వాడుతున్నాను, ఆయన చదివినా తప్పు పట్టడు.

నేను పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తబోయాను. పెద్దమ్మ అరుగు మీద నుంచే ఆగమని చెయ్యి చూపించింది. నాన్న ఆమె ముందు నిలబడి ఏదో చెబుతున్నాడు. గడప తొక్కనన్న మాట ఆయనకు గుర్తుంది. ఆమె ఆకు కింద పెట్టి, కళ్లు మూసుకుని విని, పుల్ల తీసి కొప్పులో గుచ్చుకుంది. లేచి పది అడుగులు నడిచి మా గుమ్మంలో నిలబడింది. ఈసారి గొంతు వినపడీ వినపడనట్టు ఉంది. వణుకుతోంది. బడిలో వెనక వరసకు వినపడని గొంతు.

"అమ్మాయ్, మనవరాలు పుట్టిందని దారిలో తెలిసింది. నిన్నూ దాన్నీ తీసుకువెళ్లడానికి వచ్చాను. మీ ఆయన రమ్మంటే లోపలికి వస్తాను."

చెప్పి, కొప్పులో పుల్ల తీసి పారేసింది.

నేను ఆ పుల్ల వైపు చూశాను. నాకు కోపం లేదని కేక పెట్టిన ఆ మధ్యాహ్నం ఆమె కొప్పులోంచి ఏ పుల్లా తీయలేదు. తీయడానికి అక్కడ లేదు. అప్పుడు నాన్న గొంతు అరుపుగా వచ్చింది, ఎందుకంటే ఆమె విన్న నాన్న గొంతు ఆ ఒక్క అరుపే.

"పెద్దమ్మా, మరి అప్పుడు చెప్పావే, తోల్కపోతానన్నాడని. అది?"

"గది నా మాట" అంది.

తప్పు చేసిన ముఖమూ కాదు, మేలు చేసిన ముఖమూ కాదు. వెళ్లి అరుగు మీద కూర్చుని వదిలిపెట్టిన ఆకు అందుకుంది.

మా ఆయనకు కబురు వెళ్లింది. కచేరి నుంచి వచ్చి, అరుగు మీద కూర్చున్న మామగారిని చూసి, నేల చూపులు చూస్తూ, "లోపలికి రా మామా. పిల్లను తీసుక... తీసుకపో" అన్నాడు. ఆ మాట ఆయన నోట అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. నాన్న లోపలికి వచ్చాడు.

బండి మునగాల దాటేదాకా ఆగి నాన్నకు అంతా చెప్పాను. ఆయన ఎడ్ల వైపే చూస్తూ విన్నాడు.

"తోల్కపోత అన్నానా?"

"అన్నావు."

"అరిచి చెప్పానా?"

"బజారంతా వినపడేలా."

భుజం మీద తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బాగా చెప్పాను" అన్నాడు.

మరుసటి ఏడు మా ఆయనకు మిర్యాలగూడ బదిలీ అయింది. పెద్దమ్మ అరుగు మీద నుంచే సాగనంపింది. గీడనే గద, మోటర్ పోతది, అంది. మళ్లీ ఎప్పుడైనా వెళ్లవచ్చని నేనూ వెళ్లలేదు.

నీళ్లు తాగి డ్రైవరు చెంబు కింద పెట్టాడు. ఇంకో కబురు ఉందన్నాడు.

"తానం పోస్తుంటె సూసిండ్రమ్మా. కొప్పుల పుల్ల ఒకటి ఉండె."

"ఎవరి కబురది?"

"ఎవలకు తెల్వది. అందరినీ అడిగిండ్రు. దర్జీ నాదే అంటున్నడు. హార్మోనియం మాస్టారు నాకే అని ఏడుస్తున్నడు. నిన్న కోదాడ పోయి మీ నాయినకు చెప్పిన. పిల్లలకు బడి ఇడిచిపెట్టిండు. ఆ పుల్ల నాకే అన్నడు."

"నాన్న అలా అన్నాడా?"

"అన్నడు. నిన్ను అడుగుమన్నడు. ఏం చెప్పాలె?"

మా నాన్న మాటను నేను ఎప్పుడూ దిద్దినదాన్ని కాదు.

"కాదని చెప్పు. ఆ పుల్ల నాది, నాకే చెప్పాల్సిన మాటేదో ఉండిపోయింది అని చెప్పు."

అతను తలూపి లేవబోయాడు. కూర్చోమన్నాను. అప్పజెప్పమన్నాను. మొదటిసారి మాట సరిగానే ఉంది గాని గొంతు అతనిదే. రెండోసారి కొంచెం నయం. మూడోసారి, చివరి మాట దగ్గర, నా గొంతు ఎక్కడ పూడుకుపోయిందో సరిగ్గా అక్కడ అతని గొంతూ పూడుకుపోయింది. అప్పుడు వెళ్లమన్నాను.